పాలు లేని ఆకు

నాయన పదకొండో రోజున, బంధువులందరి ముందు, నా గొంతులో ముద్ద నిలిచిపోయింది.

పోయినవాళ్ళ పటం ముందు ఆకు వేసి, వాళ్ళ కోసం వండినవన్నీ వడ్డించి దండం పెట్టుకోవడాన్ని మావైపు ఎడ పెట్టడం అంటారు. తర్వాత ఆ ఆకులోది ఇంటివాళ్ళు తినాలి. నాయనకు నేనొక్కదాన్నే బిడ్డను. కర్మ నా భర్త ఆంజనేయులు చేశాడు గాని, ఎడలో మొదటి ముద్ద నాది. ఆకులో ఓళిగ, అంటే బొబ్బట్టు, ఉంది. దాని మీద పాలు పోయించింది నేనే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పెద్ద కరువు వచ్చింది. ఆ కరువు దాటాక కూడా నాయన పాలు, పెరుగు, మజ్జిగ ముట్టలేదు. ఎవరైనా పోయబోతే గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి, “పాపకు పొయ్యండి” అనేవాడు. బతికినన్నాళ్ళూ నా కోసం మానుకున్నాడు, పోయాకైనా తాగనీ అనుకున్నాను.

ముద్ద ఛాతీ నడుమ ఆగింది. ఊపిరి ఆడుతోంది, మాట వస్తోంది. ముద్ద మాత్రం కిందికి పోదు, పైకి రాదు. నీళ్ళు తాగితే అవి ముద్ద మీద నిలబడి తిరిగి వచ్చాయి. ఉమ్మి కూడా దిగలేదు. అమ్మ పోయాక నన్ను పెంచిన మేనత్త ఓబులమ్మ నా వీపు చరుస్తూ అన్నది:

“మీ నాయన పట్టుకున్న్యాడు మే. ఏదో కొదవ జేసినాము వానికి.”

“కొదవా ల్యా, ఏమీ ల్యా. నువ్వు జరుగు పెద్దమ్మా, బండి తీయల్ల,” అన్నాడు ఆంజనేయులు.

సోమందేపల్లె నుంచి అనంతపురం దాకా తువాలులో ఉమ్ముకుంటూ కూర్చున్నాను. ఇరవై ఏళ్ళుగా గ్రంథాలయంలో పని చేస్తున్నాను. చనిపోయినవాళ్ళు బతికినవాళ్ళ గొంతు పట్టుకుంటారని నేను నమ్మను. అయినా రాప్తాడు దాటేటప్పుడు నా బుర్రలో ఉన్నది ఒకటే. నాయనకు ఏం తక్కువ చేశాను?

ఆసుపత్రిలో గొట్టం వేసి ముద్ద తీశారు. నమిలి తినమన్నారు, గ్యాసుకు మాత్రలు రాసిచ్చారు. అనంతపురంలోనే ఉన్న మా ఇంటికి వచ్చాం.

ఆ వానాకాలం మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. ముద్ద ఇంకో మూడుసార్లు నిలిచింది. ప్రతిసారీ దానంతటదే దిగింది గాని, దిగేదాకా గడిచిన సమయం గురించి చెప్పడం కష్టం. గోడ వైపు తిరిగి నిలబడేదాన్ని. ఎవరైనా పలకరిస్తే చెయ్యి ఊపేదాన్ని. తర్వాత తర్వాత తినడమే ఒక పనైపోయింది. ఒక ఇడ్లీకి అరగంట. పెళ్ళిళ్ళకు పోవడం మానేశాను. మానేశానని ఎవరికీ తెలియకుండా ఉండటానికి ప్రతి పెళ్ళికీ ఒక కారణం వెతికాను.

అత్త ఊరి నుంచి తాయెత్తు పంపింది. కట్టుకున్నాను. దాన్ని చూసి ఆంజనేయులు, “పుస్తకాలన్నీ చదివి చదివి ఈడికి వచ్చినావా?” అని నవ్వాడు. నవ్వినవాడే రెండు రోజులు ఆగి, తన ట్రాక్టర్ల రిపేరు షాపు మూసి, నన్ను బెంగళూరుకు తీసుకుపోయాడు. అప్పటికి దసరా అయిపోయింది.

బెంగళూరు ఆసుపత్రిలో మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నా పక్కన ఒక ముసలాయన ఉన్నాడు. ముక్కులోంచి సన్నని గొట్టం వేలాడుతోంది. నోటితో తిని చాలా నెలలైందని ఆయన కూతురు చెప్పింది. ఆయన నా వైపు వంగి, కన్నడం కలిసిన తెలుగులో మెల్లగా అడిగాడు.

“పొద్దున ఏం తింటివమ్మా?”

“ఉప్మా.”

“చట్నీ ఉండెనా?”

“ఉండె. శెనక్కాయలది.”

“కారంగా ఉండెనా?”

ఉండిందని చెప్పాను. ఆవాలు మాడాయని కూడా చెప్పాను. ఆయన కళ్ళు తిప్పకుండా విన్నాడు. నేను ఆ ఉప్మాను అరగంట తిట్టుకుంటూ, భయపడుతూ తిన్నాను. ఆయన దాన్ని నా మాటల్లోంచి తిన్నాడు. పేరు పిలిచారని నేను లేచినప్పుడు, ఇంకా ఏదో అడగాలని ఉన్నట్టు చెయ్యి కొంచెం ఎత్తాడు. ఆయన్ను మళ్ళీ చూడలేదు.

డాక్టరమ్మ గొట్టం వేసి చూసి, చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత పేరు చెప్పింది. ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్. నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను.

“ఇసినోఫిల్స్ అని ఒక రకం రక్తకణాలమ్మా. అన్నవాహికలో వాటికి పని లేదు. మీకు అక్కడ గుంపుగా చేరాయి. మీరు తినేదాంట్లో ఏదో వాటిని పిలుస్తోంది. దారి వాచి ఇరుకైంది. మందుతో తగ్గించొచ్చు. లేదంటే ఏది పడటం లేదో వెతకొచ్చు. వెతకాలంటే ఓపిక కావాలి.”

“వెతుకుదాం,” అన్నాను. నా భయానికి ఒక పేరు దొరికింది, దానికి నాయనతో సంబంధం లేదు. ఆ సంగతి రుజువు కావాలని ఎంత కోరుకున్నానో ఆమెకు చెప్పలేదు.

ఆరు రకాలు మానాలి. పాలు, గోధుమ, గుడ్డు, సోయా, చేపలు, జీడిపప్పు, బాదం లాంటి గింజలు. ఆ గింజలంటే మాకు శెనక్కాయలే, వేరుశెనగలు. చేపలు మానడం తేలికే. మా చెరువుల్లో నీళ్ళు నిలిస్తే గదా చేపలు! శెనక్కాయలు వేరే సంగతి. మావైపు చట్నీ, పొడి, నూనె, కూరలో వేసే చిక్కటి ముద్ద, అన్నీ వాటివే. చుట్టుపక్కల పొలమంతా అదే పంట. నా గొంతుకు పడనిది అదేనని అందరికీ ముందే తెలిసిపోయింది. మా వీధిలోవాళ్ళు జాలిపడ్డారు. నేనూ జాలిపడ్డాను.

రాగులు, బియ్యం, కొర్రలు, కందిపప్పు, ఆకుకూరలు, మాంసం మిగిలాయి. మా పిండిమరలో గోధుమలు కూడా పడతారు. ఆ సంగతి చెప్పుకుంటే మర నడిపే బాబన్న తల గోక్కున్నాడు.

“అట్లయితే నువ్వు పొద్దున్నే రా అక్కా. మర దులిపి, దోసెడు బియ్యం తిప్పి పారబోసి, ముందు నీ రాగులు పడతా. నీవి అయినంకే గోధుమలు.”

“నీకు శ్రమ గదా బాబన్నా.”

“ఏం శ్రమ? ఎట్లయినా దులపాల్సిందే గదా. నీ పేరు జెప్పి దులుపుతా, అంతే.”

ఏడాదికి పైగా అట్లే పట్టాడు. ఒక్కరోజూ గుర్తు చేయాల్సిన పని పడలేదు.

ఇంట్లో అంత సులువుగా జరగలేదు. ఆంజనేయులు ఇంట్లో పెరుగు తినడం ఆపేశాడు. తర్వాత రాత్రి భోజనమే షాపు పక్కన హోటల్లో కానిచ్చి వచ్చేవాడు. నా తిండి మీద విసుగు పుట్టిందనుకున్నాను. ఒకరోజు అడిగేశాను, గట్టిగానే.

“నీ ముందర కూచోని పెరుగన్నం ఎట్ల తినేదే?” అన్నాడు. “నాకేమో అది లేకుంటే నిద్ర పట్టదు. నీ మొగం జూస్తే అది దిగదు. అందుకని ఆడ తిని వస్తాండా.”

మా ఇంట్లో అప్పుడు ముద్ద దిగనిది నాకు ఒక్కదానికే కాదన్నమాట.

రెండు నెలల తర్వాత బెంగళూరుకు పోతే, గొట్టంలో ఏ మార్పూ కనబడలేదు. ఇంత చేసినా కణాలు అక్కడే ఉన్నాయి. డాక్టరమ్మ కోప్పడలేదు. నేను తింటున్నవన్నీ ఒక్కొక్కటే చెప్పమన్నది. చెప్పాను. సంగటి, పప్పు, సంగటిలోకి మజ్జిగ మిరపకాయలు.

ఆమె కలం ఆపింది. “ఏం మిరపకాయలు?”

అప్పుడు నా మాట నాకే వినపడింది. మిరపకాయల్ని రోజుల తరబడి మజ్జిగలో ఊరబెట్టి ఎండబెడతాం. వేసవిలో అత్త డబ్బా నిండా చేసి పంపుతుంది. పాలు మానేశాను, పెరుగు మానేశాను, నెయ్యి మానేశాను. మిరపకాయల్లో పాలుంటాయని నాకు తోచనే లేదు. ఫోనులో అత్తకు చెబితే ఒప్పుకోలేదు.

“పాలు యాడుండాయి మే దాంట్లో? మిరక్కాయలవి! మీ డాక్టరమ్మ ఎప్పుడన్న మిరక్కాయ జూసిందా?”

డబ్బా మూసేశాను. ఉగాది దాటాక మళ్ళీ చూశారు. అన్నవాహిక శుభ్రంగా ఉంది. తెరపై చూపించారు. లేత గులాబీ రంగు గొట్టం, తడిగా, నునుపుగా, తనంతట తాను కదులుతోంది. మింగడంలో మన చేతిలో ఉండేది పైభాగమేనని, ఆ తర్వాత గొట్టమే ముద్దను పట్టి దింపుకుంటుందని, పడుకుని మింగినా దింపుతుందని తర్వాత చదివాను. నలభై నాలుగేళ్ళు రోజూ ఈ పని నాలో జరిగింది. నేనెన్నడూ అటు చూడలేదు. ఆ రోజు తిరుగు బస్సులో పక్క సీట్లో ఒకామె అరటిపండు తింటోంది. మాట్లాడుతూ, కిటికీలోంచి చూస్తూ, మింగుతున్నానన్న ధ్యాసే లేకుండా తింటోంది. నేను ఆమె గొంతునే చూస్తూ కూర్చున్నాను.

మిరపకాయల సంగతి తేలినప్పుడే నాకు అర్థం కావలసింది. కాలేదు. పాలు కాకూడదని కోరుకుంటున్నాను గనక కాలేదు.

ఆ వైశాఖంలో నాయన మొదటి ఏడు, అంటే సంవత్సరీకం, వచ్చింది. ఎడలో మళ్ళీ ఓళిగ, పాలు. ఇంకా ఏదీ తిరిగి తినే దశ రాలేదు. దండం పెట్టి, ఆకును కళ్ళకద్దుకుని పక్కకు జరిగాను. ఓబులమ్మత్త పదిమందిలో అనేసింది.

“సొంత నాయనకు పెట్టింది నోట్లో పెట్టుకోనంటే, పైనుండే వానికి ఎట్లుంటాది? పరాయోళ్ళు తిననీ అనుకుంటాండావా?”

ఆకులోది ఆంజనేయులు తిన్నాడు. ఆ రోజు నాకు ఒక గురి ఏర్పడింది. ఆరోగ్యం అంటే పెద్ద మాట. నాకు కావలసింది చిన్నది. నాయన ఆకులోంచి ఒక ముద్ద, అందరి ముందు, భయం లేకుండా మింగాలి.

ఆ తర్వాత ఒక్కొక్కటే తిరిగి తినడం. ఒకటి మొదలుపెట్టడం, రెండు నెలలు తినడం, గొట్టం వేసి చూడటం. చేపలు, సోయా, గుడ్డు ఆ వానాకాలంలో గడిచాయి. అంతా బాగానే ఉంది. కార్తీకంలో శెనక్కాయల వంతు వచ్చింది. అప్పుడే చెట్లు పీకుతున్నారు. ఆంజనేయులు పచ్చికాయలు తెచ్చి ఉప్పేసి ఉడకబెట్టి గిన్నె నా ముందు పెట్టాడు. తానూ తినకుండా నిలబడ్డాడు. ఒకటి ఒలిచాను. రెండు నెలలు తిన్నాను. గొట్టం వేసి చూసి డాక్టరమ్మ నవ్వింది. శెనక్కాయలు కాదు! అందరూ దేని మీద నేరం మోపారో దానికి ఏ పాపమూ తెలియదు. ఆ సాయంత్రం హైవే పక్కన చట్నీతో దోసె తింటుంటే ఆంజనేయులు, “మెల్లగే, ఎవరూ గుంజుకోరు,” అన్నాడు. అంత తొందరగా తిన్నాను.

శివరాత్రికి గోధుమలు మొదలుపెట్టాను. అవీ కాదు. ఇక పాలు ఒక్కటే మిగిలాయి.

పాలు మొదలుపెట్టే రోజును నేనే ఎంచుకున్నాను. నాయన రెండో ఏడు. డాక్టరమ్మను అడిగి, మెత్తగా నానిన ఓళిగను చిన్న ముద్ద చేసి, పాలతో మింగాను. దిగింది. అత్త కళ్ళు తుడుచుకుని, “ఇంగ వానికి మనసు కుదురుగా ఉంటాది,” అన్నది. నాకూ అట్లే అనిపించింది. రోజూ ఒక గ్లాసు పాలు తాగాను. నాయన నాకు వదిలిన పాలు.

మూడు వారాలకు సంగటి దిగడం నెమ్మదించింది. నేనెవరికీ చెప్పలేదు. ఐదో వారంలో మజ్జిగన్నం ముద్ద నిలిచింది. బెంగళూరులో చూస్తే కణాలు గుంపుగా తిరిగొచ్చాయి. “పాలేనమ్మా,” అన్నది డాక్టరమ్మ మెత్తగా. “ఒక్కటే. మీరు అదృష్టవంతులు. ఒక్కటే మానితే చాలు.” ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చాను. ఒంటికి పడనిది పాలు కావడం కాదు నా దుఃఖం. నాయన ప్రేమకు నా దగ్గర ఉన్న ఒకే ఒక సాక్ష్యం నా ఒంటికి విషమైంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఇలాంటి బాధ ఉన్నవాళ్ళ కోసం. ముద్ద నిలిస్తే నీళ్ళు పోసి తోయాలని చూడకండి. ఉమ్మి కూడా దిగకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోండి. నేను మానినవి చూసి మీరు మానకండి. మీది వేరే కావచ్చు. డాక్టరు చూస్తుండగానే మానండి, చూస్తుండగానే తిరిగి తినండి. మీ పళ్ళెంలో నిజంగా ఏముందో అడిగేవాళ్ళకు దాచకుండా చెప్పండి, మిరపకాయలతో సహా.

వానలు వెనకబడ్డ రోజుల్లో ఊరికి పోయాను. వచ్చే ఏడు ఎడలో నా వంతుకు పాలు వద్దని అత్తకు చెప్పాలి. తిడుతుందని సిద్ధపడే పోయాను. అత్త అరుగు మీద కందులు చెరుగుతోంది. విన్నది. చేట ఆపకుండానే అన్నది.

“వానికీ అంతే గదా.”

“ఎవరికి?”

“మీ నాయనకు. పాలు దాగితే ముద్ద నిలబడుతాండె.”

అత్త చేట పక్కన పెట్టింది.

“చిన్నప్పటి నుంచి చెంబెడు నీళ్ళు లేకుండా తినేవాడు కాదు. ముద్దకొక గుటక. సంగటి మెత్తగా ఉంటే దిగేది, లేకుంటే పెరట్లోకి పొయ్యి కక్కి వస్తాండె. ఆ కరువులో మేత ల్యాక ఆవును మీ అమ్మోళ్ళ ఊరికి తోలిస్తిమి. ఏడాది పొడుగునా ఇంట్లో పాలు ల్యా, మజ్జిగ ల్యా. సంగటి, ఊరిబిండి పచ్చడి, అంతే. ఒకనాడు నాతో అంటాడు, అక్కా, నా గొంతు తెరుసుకున్న్యాది అని. ఆవు మళ్ళా వచ్చె. పాలు దాగె. మళ్ళా మూసుకునె. మానేసె. మళ్ళా తెరుసుకునె. ఇంగ ముట్టలేదు.”

పీకల దాకా కరువులో మునిగిన ఊళ్ళో, చదువు రాని మనిషి, ఎవరూ చెప్పకుండా అది కనిపెట్టాడు. నన్ను బెంగళూరు ఆసుపత్రి రెండేళ్ళు పరీక్షించి చెప్పినదాన్ని, కరువు ఆయనకు ఒక ఏట చెప్పింది. చెబితే చాలదు, వినాలి. ఆకలి కాలంలో అందరూ లేనిదాని కోసం చూస్తుంటే, ఆయన తన గొంతులో ఏం మారిందో చూశాడు. ఆ రోజు నుంచి నాయనను తలుచుకుంటే నాకు జాలి రాదు. ఏదో పెద్ద కొండ కింద నిలబడినట్టు ఉంటుంది.

“మరి పాపకు పొయ్యండి అంటాండె గదా?”

“ఇంగేమంటాడు? ముద్ద మింగల్యాని మొగోడని తెలిస్తే సేద్యానికి ఎవరు పిలుస్తారు? అందుకే పెండ్లిండ్లలో బంతిలో కూచోడు, వడ్డిస్తా తిరుగుతాండె. ఎంత మంచోడో అని అందరూ మెచ్చుకుంటాండ్రి.” అత్త నవ్వి, నా ముఖం చూసి ఆగింది. “నీ గ్లాసులో మాత్రం ఎప్పుడూ ఒక గుక్క ఎక్కువే పోస్తాండె మే. అది అబద్ధం గాదు.”

“మరి ఇన్నేండ్లూ ఏంటికి చెప్పలేదత్తా? ఎడలో పాలు పోస్తాంటే చూస్తా ఉన్న్యావే!”

“వాడు ఒట్టేయించుకున్న్యాడు. పైగా పోయినోనికి గొంతు యాడుంటాది, పాలు పడకపోయ్యేకి?”

ఈ వైశాఖంలో మూడో ఏడు జరిగింది. ఆకులో రాగి సంగటి, ఊరిబిండి, ఆకుకూర పప్పు పెట్టాం. ఓళిగ పెట్టాం, దాని మీద పాలు పోయలేదు. బంధువుల్లో ఒకరు పాలేవి అని అడిగితే అత్త గట్టిగా, “వానికి పడవు,” అన్నది. ముప్పై ఏళ్ళకు పైగా దాచిన మాట అంతే తేలిగ్గా బయటికి వచ్చింది. ఆకు పక్కన నాయన ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పెట్టింది కూడా ఆమే.

నేను బంతిలో కూర్చున్నాను. సంగటి చిన్న ముద్ద చేసి, ఊరిబిండిలో అద్ది నోట్లో పెట్టుకున్నాను. అత్త నా ఎదురుగా కూర్చుని నా గొంతునే చూస్తోంది.

“దిగిందా?”

“దిగిందత్తా.”

ఆమె తన ఆకు వైపు తిరిగి చెయ్యి కడుక్కుంది. తర్వాత, ఎవరితోనూ కాదన్నట్టుగా అన్నది.

“వాడూ ఇట్లే. ముద్ద దిగినంక ఒకతూరి కండ్లు మూసుకుంటాండె.”

నేను కళ్ళు మూసుకున్నానని అప్పటిదాకా నాకు తెలియదు.